మా రోజుల్లో మందు చీటీ రాసేవాణ్ణి

"యూరప్‌లో కూడా పేదవాళ్లుంటారా పెదనాన్నా?" అని మా తమ్ముడి పిల్లలు ఫోన్లో అడుగుతుంటారు. ఎందుకుండరు? యూరోపియన్ యూనియన్ సొంత లెక్కల ప్రకారమే 2024లో పేదరికంలోనో, సమాజానికి దూరమైపోయే అంచునో బతుకుతున్నవాళ్లు 9 కోట్ల 30 లక్షల మంది. అంటే ప్రతి అయిదుగురిలో ఒకరు. బ్రిటన్ ఆ కూటమిలోంచి బయటికొచ్చేసింది కాబట్టి మా వాళ్లు ఆ లెక్కలో లేరు. మా వాళ్లు అనే అంటాను. అక్కడే పనిచేశాను, అక్కడే ముసలివాణ్ణయ్యాను. నా సర్వీసంతా వేల్స్ బొగ్గు లోయల్లో డాక్టరుగా గడిచింది.

అంకెల గురించి కాదు నా బాధ. మా రోజుల్లోనూ అక్కడ పేదరికం ఉంది. కానీ అప్పుడు పేదవాడికి నలుగురిలో ఒక చోటుండేది. చేతిలో పని ఉండేది, ఆ పనికి ఊళ్లో మర్యాద ఉండేది. ఇప్పుడు ఆ చోటు లాగేశారు. లాగేసి, దిగులుగా ఉందన్నవాడికి మాత్ర రాసిమ్మంటున్నారు. ఆ మాత్రలు రాసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, అది మాత్రతో పోయే దిగులు కాదు.

గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి 1973లో అక్కడికి చేరాను. ఆ రోజుల్లో గుంటూరు నుంచి, విశాఖ నుంచి, ఉస్మానియా నుంచి బయల్దేరిన వాళ్లు చాలామందే. పెద్ద ఆస్పత్రుల్లో పేరున్న పోస్టులు అక్కడి కుర్రాళ్లకి పోయేవి. మాకు మిగిలేవి ముసలివాళ్ల వార్డులు, మానసిక ఆస్పత్రులు, ఎవరూ రామనే ఊళ్లలో జనరల్ ప్రాక్టీసులు. అలా రోండా లోయకి చేరాను. రెండు పక్కలా కొండలు, మధ్యలో ఏరు, ఏటి వెంబడి రైలు కట్ట, కొండవాలున బారులు తీరిన రాతి ఇళ్లు. కొండకవతల గ్లిన్‌కోరుగ్ అనే ఊళ్లో జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే డాక్టరుండేవారు. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే తక్కువ అందుతుందనీ, వైద్యాన్ని బజారుకి వదిలేసిన కొద్దీ ఈ తిరకాసు ముదురుతుందనీ ఆయన 1971లో లాన్సెట్ పత్రికలో రాశారు. ఊళ్లో పెద్దవాళ్లందర్నీ, జబ్బున్నా లేకపోయినా, పిలిచి మరీ బీపీ చూసేవారు. మేం కుర్ర డాక్టర్లం ఆయన వ్యాసాన్ని చేతులు మార్చుకుంటూ చదువుకున్నాం. ఇప్పటికి యాభై ఏళ్లు పైబడింది. ఆ వ్యాసాన్ని ఇవాళ మళ్లీ అచ్చేస్తే ఒక్క వాక్యం మార్చనక్కర్లేదు. నాకు కోపం తెప్పించేది అదే.

మా క్లినిక్‌లో గోడ చుట్టూ చెక్క బెంచీలుండేవి. అపాయింట్‌మెంట్లు లేవు. వచ్చినవాళ్లు తమ ముందెవరున్నారో చూసుకుని కూర్చోవడమే. రాత్రి షిఫ్టు దిగిన కార్మికుడు, అతని పక్కన గని మేనేజరు భార్య, ఆ పక్కన చాపెల్ పాస్టరు, బడి పంతులమ్మ. మేనేజరు భార్య అయినా వంతు వచ్చేదాకా కూర్చోవాల్సిందే. కూర్చుంటే పక్కవాడి దగ్గు వినాల్సిందే. ఆ దగ్గు ఆవిడ వెంట ఇంటికి వెళ్లేది, భోజనాల దగ్గర మొగుడి చెవిన పడేది. ఒకే బెంచీ మీద కూర్చోవడం వల్ల జరిగే మేలు అది. ఇవాళ కలిగినవాళ్లు ఏ డాక్టరు దగ్గరికెళ్తారో, వాళ్ల పిల్లలు ఏ బళ్లో చదువుతారో లేనివాళ్లకి తెలీదు. లేనివాళ్ల దగ్గు కలిగినవాళ్లకి వినపడదు.

గనిలో దెబ్బ తగిలితే బొగ్గుపొడి చర్మం కిందే ఉండిపోయి గాయం నీలంగా మానుతుంది, పచ్చబొట్టు పొడిచినట్టు. ముక్కు మీద, కణతల మీద, వేళ్ల మీద ఆ నీలపు గీతలుండేవి. చొక్కా విప్పమంటే వీపు నిండా ఉండేవి. చిన్న సీసాలో నల్లటి కఫం పట్టుకొచ్చి బల్ల మీద పెట్టేవాళ్లు. ఊపిరితిత్తుల్ని తినేసే పని అది. గని మంచిదని నేను ఎన్నడూ అనను. 1966లో అబర్‌ఫాన్‌లో బొగ్గు గుట్ట జారి బడి మీద పడి 144 మంది పోయారు. అందులో 116 మంది పసిపిల్లలు. పైన మిగిలిన గుట్టల్ని తొలగించడానికి డబ్బు కావాలని, బాధితుల కోసం లోకమంతా పంపిన విరాళాల్లోంచే లక్షన్నర పౌన్లు తీసుకున్నారు. 1997 దాకా తిరిగివ్వలేదు. ఆడవాళ్లకి గనిలో జీతమూ లేదు, ఇంట్లో విశ్రాంతీ లేదు. నా చర్మం రంగు చూసి నాడి పట్టుకోనివ్వని వాళ్లూ ఉన్నారు. అవన్నీ గుర్తుపెట్టుకునే మాట్లాడుతున్నాను.

అయినా అప్పుడు ఏముందో చెప్పాలి. ట్రియోర్కీలో పార్క్ అండ్ డేర్ అని పెద్ద హాలుంది. పార్క్ గని, డేర్ గని కార్మికులు జీతంలో ప్రతి పౌనుకీ ఒక పెన్నీ చొప్పున వేసుకుని కట్టుకున్నది. లైబ్రరీ వాళ్లదే, నాటకాల హాలూ వాళ్లదే. ట్రెడిగర్‌లో కార్మికులు వారం వారం చందా వేసుకుని సొంతంగా డాక్టర్లని పెట్టుకున్నారు. ఆ ఊరి గని కార్మికుడి కొడుకు, పదమూడేళ్లకే గనిలోకి దిగిన అనైరిన్ బెవన్ ఆరోగ్యమంత్రి అయ్యాక 1948 జులై 5న అలాంటి వైద్యాన్నే దేశమంతటికీ ఉచితం చేశాడు. కట్టుడు పళ్లకీ కళ్లద్దాలకీ రుసుము పెడతామని 1951లో సొంత ప్రభుత్వమే అంటే మంత్రి పదవి వదిలేసి వెళ్లిపోయాడు. పళ్ల కోసం మంత్రి రాజీనామా చేసిన దేశంలో ఇవాళ సర్కారీ దంత వైద్యుడు దొరక్క జనం ఇంట్లో పట్టకారుతో తమ పళ్లు తామే పీక్కుంటున్నారు. ఇది నేను కల్పించి చెప్పడం లేదు. ఇరవై ఒకటో శతాబ్దంలో ఇలాంటి సొంత వైద్యం ఒప్పుకోరానిదని 2023లో బ్రిటిష్ పార్లమెంటు ఆరోగ్య కమిటీయే రాసింది.

బొగ్గు సంగతి కూడా చెప్పాలి. గనిలో పనిచేసినవాడికి, రిటైరైనవాడికి, చనిపోయినవాడి భార్యకి కూడా ఇంటి ముందు రోడ్డు మీద బొగ్గు పోసి వెళ్లేవారు. పక్కింటి కుర్రాళ్లు వచ్చి బకెట్లతో లోపలికి మోసిపెట్టేవాళ్లు. పెన్షను చాలకపోయినా చలికి మాత్రం ఎవరూ వణకలేదు. ఇవాళ అవే ఇళ్లలో ముందే డబ్బు కట్టించుకునే కరెంటు మీటర్లున్నాయి. డబ్బు అయిపోతే పొయ్యీ హీటరూ ఆగిపోతాయి. 2022లో కరెంటు, గ్యాసు రేట్లు ఎగబాకినప్పుడు ముసలివాళ్లు పగలంతా లైబ్రరీల్లో వచ్చి కూర్చునేవారు, ఒళ్లు వెచ్చబెట్టుకోవడానికి. ఊరూరా అలాంటి వెచ్చని గదులు తెరిచి బోర్డులు పెట్టారు. అవి తెరిచినవాళ్లకి దణ్ణం పెడతాను. తెరవాల్సిన అవసరం తెచ్చినవాళ్లని క్షమించను.

ఎప్పుడు మారింది అంటే నాకు స్పష్టంగానే తెలుసు. 1979లో అక్కడ సంపాదన మీద ఆఖరి శ్లాబు పన్ను 83 శాతం. మార్గరెట్ థాచర్ ప్రధానిగా రాగానే అది 60కి దిగింది, 1988కి 40కి దిగింది. అసమానతని కొలిచే గినీ సూచిక ఆవిడ వచ్చేనాటికి 0.25 దరిదాపుల్లో ఉండేది, ఆవిడ దిగేనాటికి 0.34కి చేరింది. పదేళ్లలో అంతగా పెరిగింది, ఆ తర్వాత ఎవరొచ్చినా పూర్తిగా దింపలేకపోయారు. ఆ అంకె పైకెళ్లడం నేను క్లినిక్‌లో చూశాను.

1984 మార్చిలో గని సమ్మె మొదలైంది. ఏడాది నడిచింది. జీతం లేదు. ఊరి ఆడవాళ్లు హాల్లో బల్లలేసి తిండి పొట్లాలు కట్టేవాళ్లు. బంగాళాదుంపలు, బ్రెడ్డు, డబ్బా బీన్సు, పిల్లలున్న ఇంటికి పాలు. ఆ పొట్లం తీసుకోవడానికి వచ్చినవాడు తల దించుకోలేదు, ఎందుకంటే నిన్న పొట్లం కట్టినవాడే ఇవాళ తీసుకుంటున్నాడు, రేపు మళ్లీ కడతాడు. ఆ ఏడాది నా పేషెంట్లలో ఆకలితో చిక్కినవాళ్లు చాలామంది. దిగులుతో మంచం పట్టినవాళ్లు మాత్రం తక్కువ. సమ్మె ఓడిపోయాక మార్డి గని కార్మికులు బ్యాండు మేళంతో, జెండా ముందు పెట్టుకుని పనిలోకి నడిచి వెళ్లారు. ఓడినవాళ్లు అలా నడవడం నేను మరెక్కడా చూడలేదు. 1990 డిసెంబరులో ఆ గనీ మూసేశారు. రోండాలో అదే ఆఖరిది.

దిగులు ఆ తర్వాత మొదలైంది. నలభై అయిదేళ్ల మనిషి, గనిలో పదిమంది ప్రాణాలు తన మాట మీద నిలబెట్టినవాడు, నా ఎదుట కూర్చుని "ఏం లేదు డాక్టరుగారూ, నిద్ర పట్టడం లేదు" అంటాడు. నడుం నొప్పి అంటాడు. బీపీ చూస్తే ఎక్కడో ఉంటుంది. ఇంకో రెండేళ్లకి షుగరు. ఇంకో ఏడాదికి భార్య విడిగా వచ్చి ఆయన పొద్దున్నే తాగుతున్నాడని చెబుతుంది. వేరే పని లేదు. నిరుద్యోగుల లెక్క తగ్గించి చూపించుకోవడానికి అలాంటివాళ్లని అనారోగ్య భృతిలోకి నెట్టారు. సర్టిఫికెట్లు మా చేత రాయించారు. పదిహేనేళ్లు పోయాక అదే సర్కారు, వీళ్లంతా సోమరులు, మళ్లీ పరీక్షించాలి అంటూ ప్రైవేటు కంపెనీలకి కాంట్రాక్టులిచ్చింది. మనిషి ముఖం కూడా చూడకుండా కంప్యూటరులో గడులు నింపుతూ, చెయ్యి పైకెత్తగలవా, ఇరవై గజాలు నడవగలవా అని అడిగి, పని చెయ్యగలడని రాసేశారు. ఎక్కడుందయ్యా పని? కొండల్లో వెతుక్కోవాలా?

ఇదంతా నా ఒక్కడి అనుభవం కాదు. 1967లో లండన్ ప్రభుత్వ కార్యాలయాల్లో పద్దెనిమిది వేల మంది మగ ఉద్యోగుల మీద వైట్‌హాల్ అధ్యయనం మొదలైంది. దాన్ని ముందుకు తీసుకెళ్లినవాడు మైకేల్ మార్మట్. ఆ ఉద్యోగుల్లో పస్తులున్నవాడు లేడు, గనిలో దిగినవాడు లేడు. అందరివీ కుర్చీ ఉద్యోగాలు, అందరికీ అదే ఉచిత వైద్యం. అయినా అట్టడుగు గ్రేడువాళ్లు పై గ్రేడువాళ్లకన్నా మూడు రెట్లు ఎక్కువగా గుండె జబ్బుతో పోయారు. సిగరెట్లు, బీపీ, కొలెస్టరాలు అన్నీ లెక్కలోంచి తీసేసినా తేడా పూర్తిగా పోలేదు. ఇంకో సంగతి, అది మెట్లు మెట్లుగా ఉంది. పై నుంచి రెండో మెట్టువాడు కూడా మొదటి మెట్టువాడి కన్నా ముందే పోతున్నాడు. అంటే ఇది కేవలం ఆకలి జబ్బు కాదు, తన బతుకు మీద తనకి అదుపు లేకపోవడం వల్ల వచ్చే జబ్బు. డాక్టర్లకి చదువులో ఇది నేర్పాలి. మాకు నేర్పలేదు. గని కార్మికులే నేర్పారు.

పాలకులకి తెలీక జరిగిందని ఎవరైనా అంటే నేనొప్పుకోను. సర్ డగ్లస్ బ్లాక్ అధ్యక్షతన ఒక కమిటీ ఈ సంగతంతా రాసి 1980లో ఇచ్చింది. ఉచిత వైద్యం వచ్చి ముప్పై ఏళ్లయినా, పై తరగతికీ కింది తరగతికీ మధ్య చావుల తేడా తగ్గలేదు, కారణం ఆదాయంలో, ఇళ్లలో, పనిలో ఉంది అని తేల్చింది. అప్పటి ప్రభుత్వం ఆ నివేదికని ఆగస్టు సెలవుల ముందు, కేవలం 260 టైపు ప్రతులు తీసి బయటపెట్టింది. జనం సముద్రం ఒడ్డుకి వెళ్లే రోజులు చూసుకుని మరీ. 2010లో మార్మట్ మళ్లీ రాశాడు. 2020లో పదేళ్ల తర్వాత పరిస్థితి చూసి మరోసారి రాశాడు. 1900 తర్వాత మొదటిసారి ఇంగ్లండులో ఆయుర్దాయం పెరగడం దాదాపు ఆగిపోయిందనీ, అతి పేద ప్రాంతాల ఆడవాళ్లకి తగ్గుతోందనీ అందులో ఉంది. ఆరోగ్యంగా బతికే ఏళ్లే లెక్క వేస్తే, ఇంగ్లండులో అతి పేద ప్రాంతానికీ అతి సంపన్న ప్రాంతానికీ మధ్య తేడా దాదాపు 19 ఏళ్లు. యుద్ధం లేదు, కరువు లేదు. ఒకే దేశం, ఒకే భాష. రైలెక్కితే కాసేపట్లో ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరిపోవచ్చు.

బ్రిటన్ ఒక్కటే ఇలా తగలడిందనుకునేవాణ్ణి. మా అమ్మాయి జర్మనీలో ఉంటుంది. లైప్‌జిగ్ స్టేషన్లో ఒక పెద్దాయన్ని చూశాను. ఇస్త్రీ చేసిన కోటు, పాలిష్ చేసిన బూట్లు. చేతిలో చిన్న టార్చి. ప్లాట్‌ఫాం మీద ఒక్కో చెత్తబుట్టలోకీ లైటు వేసి చూస్తున్నాడు. ఖాళీ ప్లాస్టిక్ సీసా దొరికితే తీసి, మూత బిగించి, సంచిలో పెట్టుకుంటున్నాడు. అక్కడ సీసా తిరిగిచ్చేస్తే 25 సెంట్లు వస్తాయి. నేను చూస్తున్నానని తెలిసి, రైలు కోసం ఎదురుచూస్తున్న ప్రయాణికుడిలా గడియారం వైపు తిరిగి నిలబడ్డాడు. నేను వెళ్లిపోయేదాకా అలాగే ఉన్నాడు. జీవితమంతా పనిచేసిన మనిషికి ఐరోపాలోకెల్లా పెద్ద ఆర్థిక వ్యవస్థ ఇచ్చిన ముసలితనం అది. అదే జర్మనీలో 2015 దాకా దేశమంతటికీ వర్తించే కనీస వేతన చట్టమే లేదు. యూనియన్లు బలంగా ఉన్నంతకాలం చట్టం అక్కర్లేకపోయింది. అవి బలహీనపడ్డాక చట్టం తేవడానికి ఏళ్లు పట్టింది.

గ్రీసులో 2013లో నూటికి 27 మందికి పని లేదు. ఉద్యోగంతో పాటే వైద్య బీమా కూడా పోయింది. డాక్టర్లు సాయంత్రాలు ఉచిత క్లినిక్‌లు పెట్టి, జనం ఇళ్లలో మిగిలిన మందులు పోగుచేసి పంచారు. ఫ్రాన్సులో 2018 నవంబరులో డీజిల్ పన్ను మీద జనం పసుపు కోట్లు తొడుక్కుని రోడ్డెక్కారు. కూడళ్లలో పాకలు వేసుకుని వారాల తరబడి ఉన్నారు. పన్ను సంగతి అటుంచితే, ఇన్నేళ్లకి పక్కవాడితో మాట్లాడాం, మా లాంటివాళ్లు ఇంతమంది ఉన్నారని ఇప్పుడే తెలిసింది అని వాళ్లు చెప్పడం టీవీలో చూశాను. రొమేనియా 2007లో యూరోపియన్ యూనియన్‌లో చేరగానే అక్కడి డాక్టర్లు, నర్సులు పశ్చిమానికి వచ్చేశారు. మా ప్రాక్టీసుకీ వచ్చారు. మంచి పిల్లలు. వాళ్ల ఊళ్లలో ముసలివాళ్లు మిగిలారు, చూసే డాక్టరు లేడు. 1973లో గుంటూరు జిల్లా పల్లెల్ని వదిలి మేం చేసిందీ అదే కాబట్టి వాళ్లనేమీ అనలేను. కానీ బీద దేశం డబ్బుతో చదివిన డాక్టర్లని ధనిక దేశాలు ఒక్క పైసా చెల్లించకుండా తీసుకోవడం యూరప్ సొంత ఇంట్లో కూడా జరుగుతోందని తెలుసుకోవాలి.

ఇప్పుడు మన పిల్లల సంగతి. చదువు వీసా మీద, ముసలివాళ్ల సేవ చేసే కేర్ వీసా మీద తెలుగు పిల్లలు బ్రిటన్‌కి చాలామంది వచ్చారు. 2022లో కేర్ పనివాళ్లకి వీసా తెరిచారు, 2025 జులైలో బయటి దేశాల వాళ్లకి మూసేశారు. మధ్యలో ఏజెంట్లు పొలాలు అమ్మించారు. ఖమ్మం వైపు నుంచి వచ్చిన కుర్రాడొకడు, ఎమ్మెస్సీ చదివినవాడు, గుళ్లో పరిచయమయ్యాడు.

"వారానికి ఎన్ని గంటలిస్తున్నార్రా?"

"చెప్పలేం బాబాయ్ గారూ. ఒకవారం యాభై, ఒకవారం పది. రాత్రి పదకొండింటికి మెసేజ్ వస్తుంది, పొద్దున ఆరింటికి రమ్మని. వెళ్లకపోతే తర్వాతి వారం పిలవరు."

"తిరగబడొచ్చుగా?"

"స్పాన్సర్‌షిప్ పీకేస్తే అరవై రోజుల్లో ఇంకోటి చూసుకోవాలండీ. అప్పు పద్దెనిమిది లక్షలుంది. నాన్నకి తెలిస్తే తట్టుకోలేడు."

మా రోజుల్లో రంగు చూసి ఈసడించినవాళ్లున్నా, నా జీతం ఎంతో, నా డ్యూటీ ఎప్పుడో, నాకు ముందే తెలుసు. ఇవాళ వచ్చిన పిల్లవాడికి రేపటి సంగతి తెలీదు. అక్కడ పుట్టిన తెల్ల కుర్రాడికీ తెలీదు. గోదాముల్లో, డెలివరీ బళ్ల మీద ఇద్దరూ ఒకే మెసేజ్ కోసం ఫోను చూసుకుంటూ ఉంటారు. కానీ నీ ఉద్యోగం వాడు తినేశాడని ఒకరికి ఒకరి మీద నూరిపోస్తున్నారు. బాగా స్థిరపడిన మన తెలుగువాళ్లు కొందరు పార్టీల్లో కూర్చుని, ఈ తెల్ల పేదలు సోమరిపోతులు, భృతి మీద బతుకుతారు అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ సోమరులనబడే వాళ్ల తాతలు పెన్నీ పెన్నీ వేసి కట్టిన వైద్య వ్యవస్థలోనే కదా మన మొదటి జీతం వచ్చింది!

అన్నిటికన్నా నన్ను కుంగదీసింది ఒకటుంది. రిటైరయ్యే ముందు ఆఖరి ఏళ్లలో నా బల్ల సొరుగులోకి కొత్త పుస్తకం ఒకటొచ్చింది. మందు చీటీల పుస్తకం పక్కనే. ఫుడ్ బ్యాంకు వోచర్లు. డాక్టరో, బడి వాళ్లో, సంక్షేమ కార్యకర్తో సంతకం చేస్తేనే మూడు రోజుల తిండి ఇస్తారు. ట్రస్సెల్ ట్రస్టు ఒక్కటే 2010-11లో అరవై వేల పైచిలుకు మందికి ఇస్తే, 2023-24లో 31 లక్షల పొట్లాలు ఇచ్చింది. వోచరు మీద కారణం గడిలో టిక్కు పెట్టాలి: తక్కువ ఆదాయం, భృతి ఆలస్యం, అప్పు, అనారోగ్యం. ఒకావిడ, ఇద్దరు పిల్లల తల్లి, రెండు చోట్ల పనిచేసేది, వోచరు తీసుకుని గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. "కెటిల్ బాక్సు అని రాయండి డాక్టరుగారూ" అంది. అంటే వేడినీళ్లు పోస్తే చాలు తినగలిగేవి మాత్రమే పెట్టిన పెట్టె. మీటర్లో పొయ్యి వెలిగించేంత డబ్బు లేదు. బియ్యం, పాస్తా ఇస్తే ఉడికించుకోలేదు. కెటిల్ కూడా లేనివాళ్లకి చల్లటి తిండి పెట్టె వేరే ఉందట. ఎవరికి ఏ పెట్టె కావాలో అంత పకడ్బందీగా ఏర్పాటు చేశారంటే ఈ పరిస్థితి ఇక పోదని అందరూ ఒప్పేసుకున్నట్టే. సమ్మె రోజుల్లో పొట్లం పట్టుకెళ్లినవాళ్లు రోడ్డు మధ్యలో నడిచేవాళ్లు. ఆవిడ ఆ చీటీని మడిచి మడిచి, చెప్పులో పెట్టేంత చిన్నది చేసి, సంచి అడుక్కి తోసింది.

ఇంత జరుగుతుంటే సంతోషం గురించి ఉపన్యాసాలు మొదలయ్యాయి. 2018లో బ్రిటన్ ఒంటరితనానికి ఒక మంత్రిని పెట్టింది. ఇప్పుడు డాక్టర్లు పాటల బృందంలో చేరమని, తోటపనికి వెళ్లమని రాసిచ్చే పద్ధతి కూడా వచ్చింది. చేరినవాళ్లకి మేలే జరుగుతుంది, కాదనను. కానీ మా లోయలో పాటల బృందాలు ఎవరు రాసిస్తే పుట్టాయి? ఒకే షిఫ్టు దిగేవాళ్లు, ఒకే రోజు సెలవున్నవాళ్లు, ఒకే హాలుకి చందా కట్టినవాళ్లు సాయంత్రం కలిసి పాడుకున్నారు. గంటలు ఎప్పుడో తెలియని పని ఇచ్చి, హాలుకి తాళం వేసి, బస్సు తీసేసి, ఇప్పుడు వెళ్లి పాడుకో అంటే ఎలా వెళ్తాడు?

ప్రపంచ సంతోష నివేదికలో 2018 నుంచి ఏటా ఫిన్లండుదే మొదటి స్థానం. అక్కడి చలికీ చీకటికీ మనుషులు పగలబడి నవ్వుతూ తిరుగుతారని కాదు. ఆ దేశంలో 1948 నుంచి బడి పిల్లలందరికీ మధ్యాహ్నం భోజనం ఉచితం. మంత్రి పిల్లకీ, ఆఫీసు ఊడ్చే ఆవిడ పిల్లకీ ఒకే పళ్లెం. బ్రిటన్‌లో నేను చూసిన పద్ధతి వేరు. ఉచిత భోజనం పిల్లలకి టికెట్టు రంగు వేరు, కొన్ని బళ్లలో వరసే వేరు. ఆ వరసలో నిలబడలేక తినడం మానేసి, రక్తం లేక పాలిపోయిన పిల్లల్ని నా దగ్గరికి తీసుకొచ్చేవాళ్లు. ఐరన్ టానిక్ రాసేవాణ్ణి.

వేల్స్ ప్రభుత్వం ఈ విషయంలో మంచి పని చేసింది. 2022 సెప్టెంబరులో మొదలుపెట్టి, 2024 సెప్టెంబరు నాటికి ప్రాథమిక బళ్లలో పిల్లలందరికీ ఉచిత భోజనం పెట్టింది. అమ్మానాన్నల ఆదాయం అడగరు. మా వీధి చివర బళ్లో చూశాను, ఎవరి పిల్ల ఎవరో తెలీకుండా కూర్చుని తింటున్నారు. కానీ హైస్కూల్లోకి అడుగుపెట్టగానే మళ్లీ ఆదాయం కాగితాలు చూపించాలి. భృతి తీసుకునే కుటుంబం ఏడాదికి 7,400 పౌన్ల కన్నా ఎక్కువ సంపాదిస్తే ఉచిత భోజనం ఉండదు. నాలుగు గంటలు ఎక్కువ పనిచేసిన పాపానికి పిల్ల పళ్లెం పోగొట్టుకునే తల్లులున్నారు. జులైలో అందరితో కలిసి తిన్న పదకొండేళ్ల పిల్లకి సెప్టెంబరుకల్లా ఆకలి తగ్గిపోతుందా? ఈ మాటే మా కౌన్సిలరుకి ఉత్తరం రాశాను. నిధుల కొరత అని జవాబొచ్చింది. నిధులు ఎవరి దగ్గరున్నాయో, 1979 నుంచి ఎటు పోయాయో, అంకెలతో సహా రెండో ఉత్తరం రాస్తున్నాను. ఈసారి పాత యూనియన్ వాళ్లూ, ఫుడ్ బ్యాంకులో పొట్లాలు కట్టేవాళ్లూ, ఆ ఖమ్మం కుర్రాడూ కూడా సంతకం పెడతామన్నారు.